మంచి మాటకి పలకని గుంట

ఫిట్సొచ్చి తెలివి తప్పిన ఆరేళ్ల దేవిని విశాఖలో పిల్లల ఐసీయూలో చేర్చి మూడు గంటలైంది. మంచం పక్కన డాక్టర్ సుధారాణి కాగితం నింపుతోంది. బయటికి పొమ్మని నలుగురు చెప్పినా మామ్మ ఆదిలక్ష్మమ్మ కదలలేదు.

“ఇందాకట్నుంచి ఏటి రాత్తన్నావమ్మా?”

“జబ్బెంత తీవ్రంగా ఉందో లెక్క. బీపీ, ఊపిరి, కంటిపాప, అన్నిటికీ మార్కులుంటాయి.”

“మా గుంటకెన్నొచ్చినాయి?”

“ఎక్కువే. ఇందులో ఎక్కువ రాకూడదు మామ్మగారూ.”

“బళ్లో ఎప్పుడూ రావు, ఇక్కడొచ్చినాయా? ఎక్కువొత్తే ఏటవుద్ది?”

“మీ అబ్బాయి వచ్చాక చెప్తాను.”

“ఆడు పరవాడలో డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చేసరికి నీ కాగితం సెదలు పట్టీద్ది. నాకు సెప్పు.”

“ఇలాంటి స్థితిలో వందమంది పిల్లలొస్తే... ముప్పైమంది దక్కరు.”

“ముప్పయ్యా?”

“అవును.”

“ఇది ఆ ముప్పైలోనా, డెబ్బైలోనా?”

“అది కాగితం చెప్పలేదు.”

“మరెందుకమ్మా ఇంత సిరా తగలెట్టీడం?”

“ఎంత జాగ్రత్త పడాలో తెలియడానికి. ఫిట్సు మందు మత్తు ఈపాటికి దిగాలి. పిలిస్తే కళ్లయినా తెరవట్లేదు. అదే నా భయం.”

“ఏటని పిలిసినావు?”

“దేవీ, బంగారం, కళ్లు తెరు తల్లీ అని.”

“ఓలమ్మ. బంగారమా? ఇంకెవుల్నో పిలుత్తన్నావనుకుంటాది. ఇదెందుకు పలుకుద్ది?”

“ఇంట్లో ఏమని పిలుస్తారు?”

“సదూకున్నదానివి, నీ ముందు అనకూడదు.”

“అనండి, ఫర్వాలేదు.”

“ఒసే కోతిముకందానా, లెగవే.”

“ఆగండి... వేలు కదిలింది. ఇంకోటి తిట్టండి.”

“ఒలే... ఒలే గుంటా...”

“ఆపేశారేం?”

“రావట్లేదమ్మా. పుట్టిన కాడ్నుంచీ రోజూ తిడతన్నాను, ఇయ్యాల ఒక్కటీ నోటికి రావట్లేదు. ముప్పై అన్నావు గదా. నాకు బయమేత్తంది.”

“తర్వాత ఏడుద్దురుగాని, ముందు తిట్టండి.”

“నా వల్ల కాదు. నువ్వే తిట్టు.”

“నేనా? నర్సులు చూస్తున్నారు.”

“సూడనీ.”

“ఒసే, కోతిమొహందానా, లే.”

“అన్నం పెట్టినట్టు అంటావేటి? గట్టిగా అను.”

“ఒసేయ్ కోతిముకందానా! లెగవే!”

“...మామ్మా.”

“ఏటే? ఏటే? ఇక్కడే ఉన్నానే.”

“మన తిట్టు ఈవిడికెవులు సెప్పీసినారే?”