వలిసెలు చల్లిన రొట్టె

ఏటి రత్నా, ఆ రొట్టె మీద నల్లగా ఉన్నవేటి? సాక్లెట్ పలుకులా? ఒద్దమ్మా, మా ఇంట్లో తినకు, బయట అరుగు మీద కూకొని తిను. కోపం కాదులే. నీకు తెల్దు. మా కోడలు రమణి ఒకప్పుడు అన్నెక దొరసాని కాడ వంట సేసీది. ఆవిడది హాలండ్ దేశం. కాఫీ తోటల పని మీద వొచ్చి ఈ కొండమీదే ఉండిపోనాది. పొద్దున్నే రొట్టెకి వెన్న రాసి, దానిమీద ఈ పలుకులే సల్లుకొని తినీది. ఇంత మనిషి సంటిపిల్లలాగ పొద్దున్నే మిఠాయి తింటాదేటని మేం నవ్వీవోళ్లం. ఆళ్ల దేశంలో ముసిలోళ్లూ అదే తింటారంట. ఆ పలుకులు అక్కణ్ణించే డబ్బాల్లో వొచ్చీవి. నా మనవరాలు వెన్నెల అప్పుడు సిన్న గుంట. ఆవిడ పక్కనే కూకునీది, సగం ముక్క దీని నోట్లోకే పోయీది.

ఒక వానల్లో దొరసాని జొరమొచ్చి పోనాది పాపం. ఇక్కడే పూడ్సమందని తోట కిందే పూడ్సినారు. ఇంతలో కొత్తల పండగొచ్చింది. పోయినోళ్లకి ఆళ్లు తినీది ఆకులో ఎట్టకుండా మనం కొత్త గింజ ముట్టం కదా. ఈ మట్టిలో పడుకున్నాది, ఆవిడికీ ఒక ఆకెయ్యండన్నాడు మన పూజారి బుధు. డబ్బా సూస్తే ఖాళీ. రమణికి ఏటి తోసిందో, మనం నూనె ఆడించుకునే వలిసె గింజలు తెచ్చి వెన్నరొట్టె మీద సల్లేసింది. నల్లగా, సన్నగా, పొడుగ్గా, సూపుకి తేడా లేదు.

ఆ మర్నాటి నుంచీ మా వెన్నెల తిండి మానేసింది. ఏటెట్టినా వేలితో కెలికి సూసి, "ఇవి కావు" అనీది. ఏడుపు లేదు, మారాం లేదు. సంతలో పెద్దమనిషి సరుకు తిప్పికొట్టినట్టు అనీది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి, జబ్బేటీ లేదన్నారు. ఎముకలు తేలిపోనాయి. ఇంక దక్కదనుకుంది రమణి. బుధు వొచ్చి దాని మొగంలోకి సూసి, "ఆకలి ఈ గుంటది కాదు. మీరేసిన ఆకు ఆవిడ ముట్టలేదు" అన్నాడు.

తోట మేనేజరు రవిబాబు జీపులో ఇశాపట్నం ఎల్లి, కేకుల షాపులో సాక్లెట్ పలుకులు తెచ్చినాడు. రమణి సమాధి మీద మళ్లీ ఆకేసి, రొట్టె అంచులదాకా అవి సల్లి, తప్పయిపోనాది, నా కూతుర్ని ఒదిలెయ్ తల్లీ అని మొక్కింది. మేం తిరిగొచ్చేసరికి గుంట లేచి కూకునుంది. మిగిలిన రొట్టె అందుకొని మొత్తం తినేసింది. ఆ సంతోషానికి మేమంతా ఏడ్సినాం. అది మూతి తుడుసుకొని దానమ్మని సూసింది.

"రమణీ, టీ తే."

తిన్నాక దొరసాని అలాగే అడిగీది.

వెన్నెల ఇంత ఎదిగింది, అమ్మా అని ఒక్కపాలి పిలవలేదు. రమణి కూడా... అది పిలిస్తే, "వొస్తన్నానమ్మగారూ" అంటాది.

మబ్బేసింది. ఆ మిరపకాయలు బేగి ఎత్తమ్మా, తడిసిపోతాయి.