ఆయా పేరు ఆ పుస్తకంలో నేదు

ఇలాగొచ్చి ఫ్యాన్ కింద కూకో వనెస్సా. లిస్టు తెచ్చినావా? పాస్టర్ పొద్దున్నే ఫోన్ సేసినాడు, కమిటీ నుంచి ఒక గుంట వత్తాది అంకుల్, పాత సంగతులు అడుగుతాది, సాక్షి సంతకం పెట్టీండి అనీసి. పెడతాను లా, సంతకానికేటి. నా కళ్ళజోడు ఇలాగందియ్యి. నువ్వు తెలుగులోనే అడుగు, తప్పులొస్తే ఏటి, నా మనవలు ఆ మాత్రం కూడా మాటాడరు, అన్నిటికీ తలూపుతారంతే. ఊ... ఒకటి కాలేబ్ కుటుంబం. రెండు... మూడు... నాలుగు నాను, జాన్. సరే. పన్నెండిళ్ళు, పన్నెండు పేర్లు. మరి ఆయా పేరేదీ? ఆయా పైడితల్లి. ఈ పక్క నేదు, ఎనక పక్కా నేదు. ఎవరా? ఓలమ్మ, ఆయా ఎవరని అడుగుతున్నావా! నీ తప్పు నేదులే, నువ్వు పుట్టే పాటికి ఆ తోటే నేదు.

సుంగై పెటాని కాడ మాది రబ్బరు తోట. ఇప్పుడెల్లి సూడు, మొత్తం ఫ్యాక్టరీలు, కార్లు, మోటారు బైకులు. చర్చి కింద అయిదెకరాలే మిగిలినాయి, అందులోనే గదా మీరు ఇళ్ళు కట్టి తోటోళ్ళ పిల్లలకి ఇత్తామంటున్నారు. ఆ తోటలో తల్లులందరూ తెల్లారి అయిదింటికి చెట్లు గీయడానికి ఎల్లాల. పాలు తాగే పిల్లల్నేటి సేత్తారు? ఆయాకొట్టాయిలో దించీసి ఎల్లేవారు. పెద్ద కొట్టాం అది, వరసాగ్గా చీరల ఉయ్యాలలు. ఒక్క మనిషి, ముప్పై మంది పిల్లలు. ఆ ఒక్క మనిషే పైడితల్లి. ఇజీనారం పక్క ఏదో ఊరు నుంచి ఏడేళ్ళ వయసులో ఓడెక్కి ఈ మలయా దేశం వచ్చినాదంట. నన్నూ ఆమే పెంచినాది. మా అమ్మ కంటే ఆమె చేతి దెబ్బలే ఎక్కువ తిన్నాను నాను. కొట్టి, మళ్ళీ తనే ముక్కు తుడిసేది. చేతులు గరుకు, ముక్కు ఎర్రగా అయిపోయేది.

ఏటి సెప్తున్నాను... ఆ, బియ్యం. మన క్రిస్టియన్ ఆడోళ్ళకి ఒక అలవాటు, ఇప్పుడు మీ ఇళ్ళలో ఎవరికీ తెలీదు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడికని పక్కన పెట్టాల. ఆదివారం చర్చికి తేవాల. మా తోటలో ఆదివారం దాకా ఎవరు ఆగుతారు, ఇంట్లో ఉంటే ఎలకలు తింటాయి, నేకపోతే మొగుళ్ళు అమ్ముకుని తాగుతారు. అందుకనీసి పొద్దున పిల్లని దించినప్పుడే ఆయాకొట్టాయి గుమ్మంలో బిస్కట్ డబ్బాలో పోసీసేవారు. శనివారం ఆయా ఆ డబ్బా తలకెత్తుకుని చీనా కొట్టులో అమ్మి, ఆ డబ్బులు మా నాన్న చేతికి ఇచ్చీది. మా నాన్న చర్చి పెద్ద. తోటలో మండోరు కూడాను, అంటే కూలోళ్ళ మీద మేస్త్రీ. రెండు టోపీలూ ఒక్క తల మీదే.

ఆయా క్రిస్టియన్ కాదు. అమ్మవారి భక్తురాలు, బొట్టు ఇంత. మరి చర్చి డబ్బా ఆమె కాడెందుకంటే, పిల్లలక్కడే గదా ఉన్నారు. హిందూ ఆడోళ్ళు కూడా ఎవరో పోస్తున్నారు, మనమూ పోద్దామనీసి పోసేవారు. కొందరు అమ్మవారికని పోసేవారు. అన్నీ ఒక్క డబ్బాలోనే. ఒకనాడు మా నాన్నకి తెలిసిపోయినాది. నాను అక్కడే ఉన్నాను, ఆరేడేళ్ళుంటాయి. “ఏటి పైడితల్లీ, దేవుడి బియ్యంలో విగ్రహాల బియ్యం కలిపేసినావేటి?” అనీసి గట్టిగా అరిసినాడు. ఆయా చంకలో పిల్లని దించనేదు. డబ్బా ముందుకి తోసీసి, “ఏ గింజ ఏ దేవుడిదో ఏరుకో బాబూ, నాకు పని ఉంది” అన్నాది. మా నాన్న ఆ డబ్బా ఏపు సూసినాడు, ఆమె ఏపు సూసినాడు. ఏరనేదు లా! ఎలా ఏరుతాడు. ఆ బియ్యంతోనే మూడేళ్ళకి చర్చి మీద రేకులు పడినాయి. గోడలకి ఇటుకలు మోసింది కూడా రెండు పక్కలోళ్ళూ, పని దిగినాక, జీతం నేకుండా.

అయితే ప్రారంభం నాడు రాతి పలక మీద ఎవరి పేరు పడినాది? దొర పేరు. దొర దయతో ఇచ్చిన దానం అనీసి. నేల ఇచ్చినాడు, కాదనను. ఆ నేల అడివి కొట్టింది ఎవరనీసి ఎవరూ అడగనేదు. లోపల ముందు రెండు బెంచీలు, దొరకీ దొరసానికీ, ఆఫీసు కిరాణీకీ, అంటే గుమస్తాకి. నల్లోళ్ళమందరం చాప మీద. ఆళ్ళు ఏడాదికొక్కసారి వచ్చేవారు, క్రిస్మస్ కి. మిగతా యాభై ఒక్క ఆదివారాలూ ఆ బెంచీలు ఖాళీగా ఉండేవి, మేము కింద కూకుని ఖాళీ బెంచీల ఏపు సూసి పాడేవాళ్ళం. ఎవరూ ఎక్కనేదు. ఎక్కొద్దని ఎవరూ సెప్పనూ నేదు. ప్రారంభం నాడు హిందూ ఆడోళ్ళు బయటే నిలబడినారు, ఆయా కూడా, పాట అయ్యేదాకా పిల్లల్ని ఎత్తుకుని.

ఇప్పుడు మన చర్చి దొరల కాలంలో జరిగిన అన్యాయానికి క్షమాపణ అడుగుతాది, నేల తిరిగి ఇత్తాది అంటే నాకు సంతోసమే. మొన్న పాస్టర్ ప్రసంగంలో సెప్తుంటే నాకు ఏడుపు కూడా వచ్చినాది. కానీ వనెస్సా, దొర తప్పుకి క్షమాపణ సులువు. దొర ఎల్లిపోయినాడు. మన తప్పు మాటేటి? సెప్తాను, ఇది నీ ఫోన్లో రికార్డు సేసినా పరవానేదు.

అరవై తొమ్మిదో ఏడు అది. పౌరసత్వం నేనోళ్ళకి పని పర్మిట్ కావాల అనీసి చట్టం వచ్చినాది. పౌరుడని నీలం కార్డు ఉంటే పని, ఎర్ర కార్డయితే పర్మిట్ కోసం తిరగాల, దొరక్కపోతే ఊరెల్లిపో. ఏ ఊరు? ఏడేళ్ళకి వచ్చిన మనిషికి ఏ ఊరు? తోటలో సగం మందికి పుట్టిన కాయితమే నేదు. మనోళ్ళకి బాప్తిస్మం పుస్తకం ఉంది గదా. పలానా వాడు పలానా తేదీని ఈ తోటలోనే పుట్టినాడు, మాకు తెలుసు, అనీసి చర్చి ఉత్తరం ఇచ్చీది. ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసుకెల్తే పని అయ్యేది. ఆ ఉత్తరాలు రాసింది ఎవరు? నానే. పద్దెనిమిదేళ్ళు, ఇంగిలీసు బడిలో సదివినాను, గొప్ప. పాస్టర్ నెలకొకసారి వచ్చేవాడు, ఖాళీ కాయితాల మీద సంతకాలు పెట్టి ఎల్లిపోయేవాడు. నలభై ఉత్తరాలు రాసినాను. ఈ లిస్టులో పన్నెండు కుటుంబాలున్నాయే, అందరూ ఆ ఉత్తరాల మీద నిలబడినోళ్ళే.

ఆయా వచ్చినాది. ఎనకాల కొడుకు. “జానూ, ఈడికొకటి రాయిరా. ఈ తోటలోనే కన్నాను, నీకు తెలుసు గదా” అన్నాది. నాకు తెలుసు. తోటంతటికీ తెలుసు. నాను మా నాన్న ఏపు సూసినాను. ఆయన “పుస్తకంలో పేరు నేనోళ్ళకి చర్చి ఎలా రాస్తాది? బాప్తిస్మం తీసుకోమను, రేపే రాద్దాం” అన్నాడు. చెడ్డోడని కాదు, ఆయనకి అది నిజంగా మేలు సేత్తున్నట్టే. ఆయా నవ్వినాది. “బియ్యం పోసినప్పుడు పుస్తకం సూడనేదు గదా బాబూ” అన్నాది. కొంచెంసేపు నా ఏపు సూస్తూ నిలబడినాది. నా ముందర సంతకం పెట్టిన కాయితాలు మూడు మిగిలున్నాయి. మూడు! మా నాన్న తాగునీళ్ళకి లోపలికెల్లినాడు కూడాను. రెండు నిమిషాల పని. నాను తల ఎత్తనేదు, కలానికి సిరా నింపుతూ కూకున్నాను. తల ఎత్తీసరికి ఆళ్ళు నేరు.

పర్మిట్ రానేదు. తోటలో పనీ పోయినాది, ఇల్లూ పోయినాది. టౌను పక్కన కాలవ గట్టు మీద గుడిసె ఏసుకున్నారంట. నాను పోయి సూడనేదు. ఆళ్ళకి నా మీద కోపమని కాదు, నాకే మొకం సెల్లనేదు. ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో ఆయా పోయినాదని విన్నాను, నాను అప్పటికి ఈ క్లాంగ్ ఊరు వచ్చీసినాను, ఫ్యాక్టరీ పని. చావుకీ ఎల్లనేదు.

పోయినేడు సుంగై పెటానిలో ఒక పెళ్ళికెల్తే ఒకామె వచ్చి కాళ్ళకి దండం పెట్టినాది. శాంతాదేవి, ఆయా మనవరాలు, కొడుకు కూతురు. యాభై ఏళ్ళుంటాయి. గ్లోవుల ఫ్యాక్టరీలో పని. “మా నానమ్మ మిమ్మల్ని పెంచినాదంట గదా తాతా, మా నాన్న సెప్పేవాడు” అనీసి నవ్వుతూ తాగడానికి ఒక గలాసు రోజా సిరప్ తెచ్చి ఇచ్చినాది. ఉత్తరం సంగతి ఆమెకి తెలీదు. ఎవరూ సెప్పనేదు. తండ్రికి కాయితం నేదు, పెళ్ళి రిజిస్టరు కానేదు, అందుకని ఈమెదీ ఎర్ర కార్డే, ఇయ్యాల్టికీ. ఇక్కడే పుట్టినాది, మలాయ్ మనకంటే బాగా మాటాడతాది. గవర్నమెంటు చవక ఇళ్ళకి దరఖాస్తు పెట్టడానికి కూడా నేదు. అద్దె గదిలో ఉంటాది. ఆ సిరప్ నాను తాగనేకపోయినాను. సిగ్గేసింది వనెస్సా, ఈ వయసులో.

ఏటి? ఊ... రూలు. బాప్తిస్మం పుస్తకంలో ఉన్న కుటుంబాలకే అనీసి కమిటీ పెట్టినాది. ఎందుకు పెట్టినారంటే ఇంకో రుజువు నేదు గనక. నాకు తెలుసు తల్లీ, మా నాన్న మాటే అది, అచ్చంగా అదే. అప్పుడూ పుస్తకమే, ఇప్పుడూ పుస్తకమే, నడుమ యాభై ఏళ్ళు పోయినాయంతే. నాకొచ్చే ఇల్లు శాంతాదేవికి ఇచ్చీమంటావా? ఇచ్చీగలను, నాకు మా అబ్బాయి ఫ్లాటు ఉంది. కానీ నాను ఇస్తే అది దానం. నా పేరు కింద ఆమె మళ్ళీ బయటే నిలబడినట్టు. ఆ రేకుల్లో ఆమె నానమ్మ బియ్యం ఉంది, ఆ ఇల్లు ఆమె పేరు మీదే రావాల. పదమూడోది కట్టండి, నేకపోతే నన్ను తీసీండి, అది మీరు తేల్చుకోండి.

రుజువే గదా మీకు కావాల్సింది? సాక్షి నాను బతికే ఉన్నాను. ఆ లిస్టు పక్కన పెట్టు, దాని మీద తరవాత సూద్దాం. ఒక తెల్లకాయితం ఇయ్యి. నీ పెన్ను కూడా. నాకు ఇంగిలీసు ఇంకా బాగానే వచ్చు, టు హూమ్ ఇట్ మే కన్సర్న్ అనీసి మొదలెట్టీవోడిని... పైడితల్లి, ఆయా, ఆమె కొడుకు ఈ తోటలోనే పుట్టినాడు, మాకు తెలుసు...

ఇక్కడ పైన తేదీ ఏటెయ్యమంటావు వనెస్సా, ఇయ్యాల్టిదా, అప్పటిదా?