మధ్య సొరుగు

పాత చెక్క సామాను బాగుచేసి అమ్మే కొట్టు. మధ్యాహ్నం వేళ. కొట్టు నడిపే మేస్త్రి, ఒక ఆవిడ.

"రెండు ముక్కలు చేసేశారా?"

"ముక్కలనకండమ్మా, నా చేతికి అవమానం. రెండు చిన్న బీరువాలు."

"నేనమ్మింది ఒకటి కదా మేస్త్రీ గారూ."

"ఒకటే. ఎత్తు నడుం దాకానే, కానీ ఎనిమిదడుగుల పొడుగు. ఈ రోజుల్లో ఎవరి హాల్లో పడుతుంది చెప్పండి? మీరు పొడుగు బీరువా అంటారు, నేను సైడు బోర్డంటాను, నా దగ్గర కొనేవాళ్ళు క్రెడెంజా అంటారు. ఎంత పెద్ద పేరు పెడితే మాత్రం వాళ్ళ హాలు పెరుగుతుందా? వస్తారు, తడుముతారు, ఆహా ఏం పాతకాలం పనండీ అంటారు, టేపు పెట్టి కొలుస్తారు, నీరుగారిపోయి వెళ్ళిపోతారు. చూసి చూసి మధ్యకి కోసేశా. ఒక సగం అప్పుడే అమ్మేశాను కూడా."

"మళ్ళీ అతకండి."

"ఆఁ?"

"అతకండి. మంగళవారానికి నాకు కావాలి."

"అమ్మా, చిరిగిన చొక్కా కాదు కదా ఇది, కుట్టేసివ్వడానికి. ఇంతకీ మంగళవారం ఏముంది?"

"మంగళవారం ఏం లేదు. బుధవారం మా ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికొస్తున్నారు."

"మీ ఆయన... ఆగండాగండి. ఆయన పోయారనే కదా మీరు..."

"ఇక కష్టమన్నారు డాక్టర్లు. ఇప్పుడు బాగైంది, తీసుకెళ్ళమంటున్నారు."

"ఎంత మంచి మాట చెప్పారమ్మా! కూర్చోండి, కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ కాదు, దానికి కాలు లేదు. ఇదిగో, ఇందులో. అయితే ఇంకేం? బీరువా ఏదని ఆయనడిగితే అమ్మేశానని చెప్పండి. కొడతారా ఏంటి?"

"అడగరు. తడుముతారు."

"తడమడమేంటి?"

"ఆయనకి చూపు లేదు. పదకొండేళ్ళయింది పోయి."

"అయ్యో."

"పడగ్గది గుమ్మం దాటగానే ఎడంచెయ్యి ఆ బీరువా అంచు మీద వేస్తారు. దాని వెంటే నడుస్తారు. అది అయిపోయిన చోట కుడికి తిరిగితే వంటగది, తిన్నగా పోతే బాత్రూం. ఇంట్లో ఆయన కర్ర ముట్టుకోరు."

"మరి ఆ రోజే చెప్పుంటే నేను రంపం పెట్టేవాణ్ణా?"

"ఆ రోజు చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాను."

"అప్పటికి ఆయన..."

"ఐసీయూలో ఉన్నారు."

"ఉండగానే అమ్మేశారా?"

"ఉండగానే."

"నేను అంతా అయిపోయిందనుకున్నానమ్మా. మీరేమో గుమ్మంలో నిలబడి, తొందరగా పట్టుకెళ్ళండి, తొందరగా పట్టుకెళ్ళండి అన్నారు. పాపం, చూసి తట్టుకోలేకపోతోంది అని మా ఆవిడతో కూడా..."

"సగం అమ్మేశానన్నారు. మిగతా సగం ఏది?"

"మీ చెయ్యి కింద ఉన్నది అదేగా!"

"ఇదా?"

"గుర్తు పట్టలేదు కదూ! అదీ నా పాలిష్ అంటే."

"పాలిష్ ఎలా ఉన్నా ఫరవాలేదు. రంగుతో నాకు పని లేదు. దీనికి అంచు పదునుగా ఉండేది, అదేది?"

"తగిలితే గీరుకుంటుందని గుండ్రంగా తిప్పాను."

"పదును పెట్టండి. ఈ చివర నుంచి జానెడు దూరంలో ఒక సొట్ట ఉండాలి. ఇస్త్రీపెట్టె పడింది అక్కడ."

"మైనం పెట్టి పూడ్చేశాను."

"తవ్వండి."

"ముప్ఫై ఏళ్ళ నుంచీ ఈ పనిలో ఉన్నానమ్మా. పూడ్చిన సొట్ట మళ్ళీ తవ్వమన్నది మీరే. ఎంత లోతు తవ్వమంటారు?"

"ఉండండి... నా చిటికెన వేలి గోరు మునిగేంత."

"కళ్ళు మూసుకున్నారేంటి?"

"తెరిస్తే గుర్తు రాదు. ఆయనకి చూపు పోయిన కొత్తలో నేనే నేర్పాను నడవడం. ఇద్దరం కళ్ళు మూసుకుని ఈ అంచు పట్టుకుని నడిచేవాళ్ళం. ఆయనకి మూసుకోవాల్సిన పనే లేదు. అయినా మూసుకునేవారు."

"అబ్బ. వింటుంటే ఒళ్ళు ఝల్లుమందమ్మా."

"సొట్ట తర్వాత మధ్య సొరుగొస్తుంది. దాని పిడి వదులు. చెయ్యి తగిలితే గలగలమంటుంది. సగం దూరం వచ్చానని దాంతో ఆయనకి తెలుస్తుంది... ఏంటి, ఆ మూలకి చూస్తున్నారు?"

"మధ్య సొరుగు..."

"దాన్నేం చేశారు?"

"నేను కోసిందే అక్కడమ్మా. అటు సొరుగు అటు, ఇటు సొరుగు ఇటు పోగా, మధ్యది అడ్డంగా మిగిలింది. ఆ భాగం మొత్తం తీసేశాను. పద్దెనిమిది అంగుళాలు."

"పారేశారా?"

"పారేయడమా, టేకు చెక్కని! అదిగో ఆ మూల, మేకులు పోసుకున్నాను చూడండి, ఆ సొరుగే. దాని పైపలక ఉలులు పెట్టుకునే గూటికి అరగా వేశాను. అదీ ఉంది."

"పిడి?"

"పిడి కూడా ఉంది. వదులైందని మర వేసి బిగించాను."

"వదులు చెయ్యండి."

"చేస్తాను తల్లీ. ఇన్నాళ్ళూ వదులైనవి బిగించి బతికాను, ఇక బిగించినవి వదులు చేసి బతుకుతాను."

"రెండో సగం ఎవరు కొన్నారు?"

"పక్క వీధి టైలరమ్మ. దారాలు పెట్టుకుంది. కాళ్ళావేళ్ళా పడి తెస్తాలెండి, దానికి బదులు ఇంకోటిచ్చి. తెచ్చి మూడూ కలుపుతాను. కానీ ఓ మాట. రంపం తిన్నది పోయినట్టే కదా. మొత్తం మీద అంగుళం తక్కువొస్తుంది."

"తక్కువ రాకూడదు."

"అంగుళమేనమ్మా."

"అంచు అయిపోగానే ఆయన తిరుగుతారు. అంగుళం ముందే తిరిగితే తలుపు చెక్క మొహానికి తగులుతుంది."

"ఎందుకు తగులుతుందీ? పక్కన మీరుంటారు కదా!"

"అంగుళం పట్టీ కలపండి."

"సరే, కలుపుతాను. అతుకు మాత్రం ముందే చెబుతున్నాను. కంటికి కనపడకుండా చెయ్యగలను. చూపు లేనివాళ్ళ చేతికి దొరక్కుండా చెయ్యడం నా వల్ల కాదు. ఓ పని చెయ్యండి. నిజం చెప్పేయండి. పోతారనుకుని అమ్మేశాను, బతికొచ్చారని తెచ్చాను అనండి. ఇద్దరూ నవ్వుకుంటారు."

"ఆయన నవ్వుతారు. చాలా మంచివారు."

"చూశారా మరి!"

"ఈ పదకొండేళ్ళలో నన్నొక మాట అనలేదు. విసుక్కోలేదు. మంచినీళ్ళిచ్చినా థాంక్స్ అంటారు."

"అదృష్టవంతులమ్మా మీరు."

"అవును."

"ఏంటమ్మా, అలా అన్నారు?"

"ఎలా అన్నాను? నాకు ఏదీ ఏమీ అనిపించట్లేదు మేస్త్రీ గారూ. చాలా ఏళ్ళ నుంచీ అంతే. నీళ్ళు కాగాయా, మందులు వేశానా, అంచు పట్టుకున్నారా. అంతే."

"అలసట. ఆస్పత్రి చుట్టూ తిరిగి తిరిగి. కంటినిండా నాలుగు రోజులు నిద్రపోతే అన్నీ సర్దుకుంటాయి."

"ఆశ లేదని చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఇంటికెళ్ళి, భోంచేసి, పడుకున్నాను. మంచి నిద్ర పట్టింది. తీసుకెళ్ళొచ్చని చెప్పిన రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు."

"సంతోషం పట్టలేకపోయారు."

"అందరూ అదే అన్నారు."

"మరి కాదా ఏంటి? సరే, మాటల్లో పడితే పని కాదు. మంగళవారం సాయంత్రానికి బండిలో వేసి నేనే తెస్తాను. పాత చోటే కదా?"

"పాత చోటే. సాయంత్రం వద్దు, పొద్దున్నే తెండి."

"పొద్దున్నేనా? చంపేస్తున్నారమ్మా. బుధవారం కదా ఆయనొచ్చేది!"

"నేను కళ్ళు మూసుకుని ఒకసారి నడిచి చూసుకోవాలి. ఎక్కడైనా తేడా ఉంటే మీరు అక్కడే సరిచెయ్యాలి. సాయంత్రం నా రైలు."

"రైలా? ఆయన తెల్లారి ఇంటికొస్తుంటే మీకు రైలేంటి?"

"మా ఆడపడుచు తీసుకొస్తుంది ఆయన్ని. తాళం తనకిచ్చాను."

"బాగుంది! మరి మీరెప్పుడు తిరిగొస్తారు?"

"రాను. వంటమనిషి పొద్దున పూట వచ్చి వండిపెట్టి వెళ్తుంది. మిగతా వేళంతా ఆయన పట్టుకోవడానికి ఆ ఇంట్లో ఈ బీరువా ఒక్కటే ఉంటుంది."