వంగి చూడని లెక్కల సారు

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసిన మా ప్రధానోపాధ్యాయురాలు సంధ్యారాణి మేడం గారికి, పక్క షెడ్డులో పసుపు పాలిష్ డ్రమ్మును ఈ పూటకు ఆపించి వచ్చిన బడి కమిటీ చైర్మన్ గంగన్న గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఆలూర్ నుంచి, జక్రాన్‌పల్లి నుంచి పనులు విడిచి వచ్చిన తల్లిదండ్రులకు, పాత విద్యార్థులకు, అందరికంటే ముందు చెప్పవలసి ఉండి నా అలవాటు కొద్దీ చివరికి వచ్చిన మా లసుమవ్వకు నమస్కారం.

లసుమవ్వ ఈ బడిలో ఇరవై ఆరేళ్లు అటెండరుగా చేసి ఇవాళ రిటైరవుతోంది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మంచి మాటలు చెప్పేవాళ్లు నా తర్వాత ఐదుగురున్నారు. నేను ఒక తప్పు ఒప్పుకోవడానికి లేచాను. రెండేళ్ల కింద కంప్యూటర్ రూములో జరిగింది ఒకటి, నేను మీ అందరికీ చెప్పింది ఒకటి. నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే. రేపటి నుంచి ఆమె బడికి రాదు. ఇవాళ చెప్పకపోతే నేను ఇక చెప్పను, నా సంగతి నాకు తెలుసు. మేడం, చీటీ పంపకండి, త్వరగానే ముగిస్తాను. (నవ్వులు)

మన దగ్గర పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం ఎప్పుడొస్తాయో పదో తరగతి పరీక్షలూ అప్పుడే వస్తాయి. ఆ ఏడు పదకొండు మంది పిల్లలు చేన్ల దగ్గరే ఉండిపోయారు. పరీక్షలకు నలభై రోజులుంది, త్రికోణమితి సగం మిగిలింది. అప్పుడు నేను కంప్యూటర్ తెర మీద లెక్క చేస్తూ, నా గొంతుతో సహా తెరను రికార్డు చేసి, వాళ్ల ఫోన్లకు పంపడం మొదలుపెట్టాను. ఎనిమిది పాఠాలు మంచినీళ్లు తాగినంత సులువుగా అయ్యాయి. తర్వాత గంగన్న గారి డ్రమ్ము మొదలైంది. ఆ చప్పుడులో రికార్డింగు కుదరదు కనుక, డ్రమ్ము కూలీలు టీకి ఆగే సమయానికి, నాలుగు నుంచి ఐదు దాకా, తలుపులు వేసుకుని చెప్పేవాడిని.

తొమ్మిదో పాఠం పంపిన సాయంత్రం వర్షిత ఫోన్ చేసింది. అదిగో, మూడో వరుసలో తల దించుకుంది. పసుపు ఆరబెట్టే కళ్లం నుంచి చేసింది.

"సార్, మాట ముందుగాల వస్తంది, గీత ఎన్కకెల్లి వస్తంది. 'చూశారా' అంటున్నరు, గక్కడ ఏం లేదు సార్. ఏం సూడాలె?"

వేసి చూశాను. నిజమే. బొమ్మ నాలుగడుగులు వేసి ఆగుతోంది, నా గొంతు మాత్రం ఎవరి కోసమూ ఆగడం లేదు. మార్కుల ఎంట్రీ చేస్తే కంప్యూటర్ బాగానే ఉంటుంది, ఫోటోలు చూస్తే బాగానే ఉంటుంది, రికార్డింగు పెట్టిన పది నిమిషాలకే మొరాయిస్తుంది.

ఆర్మూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే ముఖేష్‌ను పిలిచాను. మూడుసార్లు వచ్చాడు. డిస్కు నిండిందేమోనని పాత వీడియోలు తీసేశాడు. సెకనుకు అరవై బొమ్మలు తీసేదాన్ని ముప్పైకి తగ్గించాడు. వెనకాల తెలియకుండా నడిచే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించాడు. విచిత్రమేమిటంటే, అతను వచ్చిన ప్రతిసారీ రికార్డింగు శుభ్రంగా నడిచింది. మూడోసారి పోతూ పోతూ, "మిషన్ మంచిగనే ఉన్నది సార్, మీరే జర జల్ది మాట్లాడుతున్నరేమో" అన్నాడు. (నవ్వులు) ముఖేష్, వెనక నిలబడి నవ్వకు, నీ సంగతి కూడా వస్తుంది.

అప్పుడు నేను స్వయంగా ఆలోచించాను. నాలుగింటికి డ్రమ్ము ఆగుతుంది. మరి నాలుగింటికే మొదలయ్యేది ఏమిటి? పక్క గదిలో లసుమవ్వ స్టాఫుకు టీ పెట్టే కరెంటు కెటిల్. అది కరెంటు లాగుతోంది, ఇది నీరసిస్తోంది. లెక్కల సారును కదా, తేల్చేశాను. మేడం గారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. వారం రోజులు స్టాఫు మొత్తానికి టీ బంద్. ఆ వారం నాతో ఎవరు మాట్లాడారో నాకు ఇంకా గుర్తుంది. ఎవరూ మాట్లాడలేదు. (నవ్వులు)

లసుమవ్వను పిలిచి, కంప్యూటర్ రూములో నీకు తెలియని వాటి జోలికి పోకు అని కూడా అన్నాను. పిల్లలు వింటుండగా అన్నాను. ఆమె ఒక్కటే మాట చెప్పింది.

"నేనేం గెలుకలే సార్. దుమ్ము వడకుంట సూసుకుంటున్న, గంతే."

ఎలా చూసుకుంటున్నావు అని నేను అడగలేదు.

టీ ఆగింది, రికార్డింగు మాత్రం బాగుపడలేదు. పరీక్షలకు పన్నెండు రోజులుంది. వర్షిత రోజూ ఫోన్ చేయడం మానేసి రెండు రోజులకు ఒకసారి చేస్తోంది, అది నాకు ఫిర్యాదు కంటే కష్టంగా ఉంది. మళ్లీ ముఖేష్‌కే ఫోన్ చేస్తే, తెర మూలన కంప్యూటర్ వేడి కనబడేటట్టు చిన్న ప్రోగ్రాము ఒకటి పెట్టించాడు. రికార్డింగు మొదలుపెట్టాను. అరవై, ఎనభై, తొంభై ఏడు డిగ్రీలు. ఫోన్‌లోనే ఉన్నాడు.

"సార్, ఒక్కసారి కిందికి వంగి ఫ్యాన్ కాడ చెయ్యి పెట్టుండ్రి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సీపీయూ డబ్బా బల్ల కింద నేల మీద ఉంటుంది. నా నడుము గురించి మీకు తెలుసు. అప్పటికి ఐదేళ్లుగా నేను దాన్ని కాలి బొటనవేలితోనే ఆన్ చేస్తున్నాను. లసుమవ్వ మొదటి ఏడే అడిగింది, సదువుల తల్లిని కాలితోని తన్నుడేంది సార్ అని. తన్నడం కాదు, నొక్కడం అన్నాను. ఆమె మాత్రం నేను పోయాక రోజూ డబ్బాను తుడిచి కళ్లకు అద్దుకునేదట. ఆ మధ్య కాలికి మెత్తగా తగులుతుంటే పాదాల కోసం పట్టా వేసిందనుకుని మనసులో మెచ్చుకున్నాను కూడా.

వంగాను. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి తల పెట్టాను. ముందు బటన్ ఒక్కటే బయటికి ఉంది. మిగతా డబ్బా మొత్తానికి పైన గోనెసంచి, లోపల పాత దుప్పటి, వెనకాల చంటిపిల్లకు కట్టినట్టు మూడు ముడులు, నెత్తిన పసుపు బొట్టు. చెయ్యి పెడితే కాలింది.

ఈ సభలో పసుపు ఉడకబెట్టని ఇల్లు లేదు. కడాయి మీద గోనెసంచులు కప్పి, ఆవిరి బయటికి పోకుండా ఎలా మగ్గబెడతామో, మా లసుమవ్వ కంప్యూటర్‌ను సరిగ్గా అలా ఉడకబెట్టింది. మార్కుల ఎంట్రీ సన్నటి మంట, దానికి తట్టుకుంది. రికార్డింగు అంటే పెద్ద మంట. (చాలాసేపు నవ్వులు) గంగన్న గారూ, మీ డ్రమ్ము దుమ్ము వల్లే ఆమె కప్పింది. మీరు అంత గట్టిగా నవ్వకండి.

ముఖేష్‌కు మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, ఆమెను పిలిచి, ఇది ఎవరు కట్టారు అని అడిగాను. తనే అంది. మరి ముఖేష్ వచ్చినప్పుడు లేదే అన్నాను.

"సూడొచ్చినోళ్లకు పిల్లను ముసుగుల సూపెడ్తమా సార్? ఇప్పి, తుడిసి, మంచిగ పెట్టిన."

ఆ గోనె విప్పి పక్కన పెట్టి, మూడు సాయంత్రాల్లో మిగిలిన పాఠాలన్నీ చెప్పాను. మాట, గీత కలిసే వచ్చాయి. పదకొండు మందీ పరీక్ష రాశారు, పదకొండు మందీ పాసయ్యారు. ఎవరికెన్ని మార్కులో చెప్పను, మూడో వరుసలో ఒకరు తల ఎత్తడం లేదు.

ఇక నా తప్పు. మేడం గారు ఏమైంది, ఎలా బాగైంది అని అడిగినప్పుడు, డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కొత్తది పడక గొడవైంది, పాతది వేశాను అన్నాను. గోనె సంగతి చెబితే బొటనవేలి సంగతి చెప్పాలి, ఐదేళ్లు వంగనిది చెప్పాలి, కెటిల్ మీద రాసిన కాగితం వెనక్కి తీసుకోవాలి. మీరంతా నన్ను మెచ్చుకున్నారు. ముఖేష్‌కూ అదే చెప్పాను. అప్పటి నుంచి ఆర్మూర్‌లో ఎవరి కంప్యూటర్ నెమ్మదించినా అతను మొదట పాత డ్రైవరే వేస్తున్నాడు. ముఖేష్, ఇక ఆపు. (నవ్వులు)

నేను ఆ అబద్ధం చెబుతున్నప్పుడు లసుమవ్వ అదే గదిలో ఉంది. టీ మళ్లీ మొదలైన రోజు అది. అందరికీ పోసింది, నాకూ పోసింది. నాకు చక్కెర తక్కువ అని గుర్తుపెట్టుకుని పోసింది. ఈ రెండేళ్లలో ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు.

లసుమవ్వా, కెటిల్ తప్పు కాదు, నీ తప్పూ కాదు. దుమ్ముకు కప్పాలని నీకు తెలుసు, గాలి ఆడాలని నాకు తెలుసు. ఇద్దరం ఒక్కసారి మాట్లాడుకుంటే అయిపోయేది. అడగవలసినవాడిని నేను, అడగలేదు. పిల్లల ముందు అన్నాను కనుక పిల్లల ముందే చెబుతున్నాను, క్షమించు.

మేడం చీటీ వచ్చింది. చదవక్కర్లేదు.

ఈ పొద్దున ఆమె కంప్యూటర్ రూము తాళంచెవి నా చేతికిచ్చింది. దానితో పాటు ఒక కొత్త ముసుగు. ఈసారి పలుచటి బట్ట, వెనకాల ఫ్యాన్ దగ్గర దోమతెర ముక్క వేసి కుట్టింది. గాలికి తొవ్వ ఇడిసిన అంది. నేను సంతోషపడి, ఇక దీన్ని చూసుకునేదెవరు అన్నాను. ఆమె నా నడుము వంక చూసింది.

"రోజుకోపారి వంగి సూడుండ్రి సార్. నడుముకు గూడ మంచిది."

వంగుతాను. ఇవాళ పొద్దున చేత్తోనే ఆన్ చేశాను, లేవడానికి మాత్రం బల్ల పట్టుకోవలసి వచ్చింది. ఇంతసేపు ఓపికగా విన్న పెద్దలకు, డ్రమ్ము ఆపిన గంగన్న గారికి కృతజ్ఞతలు. టీ చల్లారుతోంది, ఇవాళ కెటిల్ దగ్గర నేనుంటాను, మొదటి కప్పు లసుమవ్వకు. సెలవు.