అలల్లేని చోటు

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో వానాకాలపు మధ్యాహ్నం. నీళ్లలో దిగిన ఇద్దరు విదేశీయులను లైఫ్‌గార్డు ఒడ్డుకి పంపించి వస్తుంటే, ఒడ్డున మామిడిముక్కలు అమ్మే ముసలావిడ ఆపింది.

“ఎందుకు బాబూ తోలేశావు వాళ్లని? అటూ ఇటూ అలలు ఎగిరిపడుతున్నాయి గానీ, వాళ్లున్నచోట నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయిగా?”

“అందుకే పెద్దమ్మా. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికెళ్లే దారి అది. నిలబడ్డ మనిషినైనా లాక్కుపోతుంది.”

“మరి చిక్కుకుంటే?”

“ఒడ్డుకేసి ఈదకూడదు. పక్కకి ఈదాలి. ఓపిక లేకపోతే తేలుతూ చెయ్యెత్తాలి.”

“ఒడ్డు ఎదురుగా కనిపిస్తుంటే పక్కకెవరు ఈదుతారయ్యా?”

“ఎవరో ఒకరు ముందే చెప్పకపోతే ఎవరూ ఈదరు.”

ఆవిడ కత్తి కింద పెట్టింది.

“మా చెల్లెలు ప్రనీ కూడా ఇలాంటి చోటే దిగింది. తిరిగి రాలేదు. ఒట్టి దుడుకుపిల్ల అని ముప్పయ్యేళ్లుగా తిట్టుకుంటున్నాను.”

“దుడుకువాళ్లు అలల్లోకి దూకుతారు పెద్దమ్మా. అలల్లేని చోట దిగేది భయం ఉన్నవాళ్లే. మీ చెల్లెలు జాగ్రత్తగా చూసుకునే దిగింది.”

ఆవిడ సముద్రంకేసి తిరిగింది.

“అప్పట్నుంచీ నీళ్లలో కాలు పెట్టలేదు నేను. ఎక్కడ దిగొచ్చు?”

“ఆ రెండు ఎరుపూ పసుపూ జెండాల మధ్యన. మోకాళ్ల దాకానే. నేను చూస్తుంటాను.”

ఆవిడ చెప్పులు విడిచి, మెల్లగా నడిచి వెళ్లింది. మొదటి అల పాదాల మీదికి రాగానే వెనక్కి తిరిగి కేకేసింది.

“ఏమయ్యా, ఇంత వెచ్చగా ఉంటాయా ఈ నీళ్లు?”