మూడు రాష్ట్రాల ఏనుగులు

కుప్పం దగ్గర, అడవి అంచున ఉన్న పల్లెలో ఒక రైతు. ఏనుగుల బెడద గురించి సరిహద్దు పల్లెల రైతులతో మాట్లాడి, తెల్లవారుజామున ఇంటికి బయలుదేరుతూ భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, మాటలు కుదిరినాయా?"

"బాగా కుదిరినాయి. తమిళోళ్లు, కన్నడోళ్లు, మనమూ ఒకటైపోయినాం. టీవీలో సెప్తాండారు గదా, ప్రపంచానికి ఇంక ఒకే పెద్దన్న అంటూ ఎవడూ లేడంట, పక్కపక్కనోళ్లే కూర్సోని మాట్లాడుకోవల్లంట. ఆ మాటే నేను సెప్తే అందరూ సప్పట్లు కొట్టినారు."

"సప్పట్లు సరే. ఏనుగుల సంగతేమి?"

"ఇన్నాళ్లూ డప్పులు కొట్టి ఒకరి పొలాల్లోకి ఒకరం తోలుకుంటా ఉంటిమి గదా? ఇంక ఎవరూ అట్ల తోలకూడదు. ముగ్గురమూ ఒట్టేసుకున్నాం."

"మరి అవి యాడికి పోవల్ల?"

"అది వచ్చే మీటింగులో మాట్లాడతాం. నువ్వేం సేస్తాండావు?"

"మిద్దెక్కి కూర్సోనుండాను."

"యాల?"

"మన అరటితోటలో రెండు ఏనుగులు ఉండాయి. తోలమంటావా, వద్దా?"

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"తోలు. అయితే డప్పు మెల్లగా కొట్టు. తమిళోళ్లకు వినపడకూడదు."