దొరను కూసోబెట్టిన భజన

"అవ్వా, మనూర్ల ఎర్రజెండ పార్టీ ఒకటుండెనంట గద? జర చెప్పరాదూ."

ఉండకేంది బిడ్డా, ఉండె. నవ్వకు. నువ్వు టీవీల చూస్తవే, గసొంటి పార్టీ కాదు. వనపర్తి దిక్కు మావోళ్లు కొందరు, గద్వాల కాడ ఇద్దరో ముగ్గురో, నాగర్‌కర్నూల్ల ఒక్కడు. ఆ ఒక్కడు గూడ పెండ్లయినంక రాలె. పార్టీ అంతా ఒక్క బండ్ల పడుతుండె, ఇంకా గడ్డికి జాగ మిగులుతుండె. మా అన్న బుచ్చన్న దానికి పెద్ద. నీకు ముత్తాత అయితడు... కాదు కాదు, ఉండు, నువ్వు నా బిడ్డ బిడ్డవు గద, తాతే అయితడు. నీ ముక్కు గూడ ఆయనదే, గట్లనే పొడుగు.

ఆ పార్టీ అడిగేది ఒక్కటే మాట, మొదటి పదును మాది అని. పదునంటే తెల్సా నీకు? బోర్లొచ్చినంక పుట్టినోళ్లు, మీకేం తెలుస్తది. వాన పడ్డంక నేలల తడి ఉంటది సూడు, ఇత్తనం మొల్చేటంత, గది పదును. మన చెల్కలల్ల, ఎర్ర ఇసుక నేలలు గద, ఎండ కొడితే రెండు మూడొద్దులకు పోతది. వాన పడంగనే ఊరి ఎడ్లు, నాగండ్లు, ఇత్తనమేసే గొర్రులు అన్ని ముందుగాల దొర భూముల్లకు పోవాలె. వెట్టి. కూలి లేదు, గంజి లేదు. దొర పని ఒడిచి మన చెల్క కాడికి వచ్చేసరికి దుబ్బ లేస్తుండె.

మాకు రెండేండ్లు గింజ మొల్వలె. మూడో ఏడు గూడ పోతే నన్ను గడీల, అంటే దొర కోటింట్ల, పనికి పెడతనని మా నాయిన దొర ముంగట ఒప్పుకొనొచ్చిండు. ఏం జేస్తడు మరి, తినేందుకు జొన్నలు గడీలకెళ్లే తేవాలె. గడీల పనికి పోయిన ఆడపిల్ల మల్ల తల్లి దగ్గర పండేది లేదు బిడ్డా. మా అమ్మ నా నెత్తి దువ్వుకుంట ఏడుస్తుండె.

అగో, పార్టీ సంగతి చెప్తుంటి గద. మీటింగ్ పెట్టాలంటే సర్కార్ ఇజాజత్ కావాలె, అది ఇయ్యరు. భజన జేసుకుంటే ఎవ్వడు అడగడు. గందుకని పార్టీ భజన కట్టింది. చిడతలు, తాళాలు, ఒక మద్దెల. మా అన్నకు గొంతు మంచిగుండె. చావిడి అరుగు మీద హనుమంతుని పటం, పటం ఎనుక ఎర్రజెండ. జెండ అంటే చీర బిడ్డా, గద్వాల మగ్గమోళ్లు ఇచ్చిండ్రు. అసలు చీర! చేతిల పట్టుకుంటె జారిపోతుండె. నాకైతే దాన్ని కట్టుకోవాలని ఉండె, గోడకెందుకు వేలాడదీసిండ్రని మా అన్నతోని కొట్లాడిన. ఎవరన్న అడిగితే, సిందూరం రంగు, హనుమంతునికి ఇష్టమని చెప్తుండ్రి.

ఇగ ఏమాయెనంటే, దొరకు భజన పిచ్చి. గడీల పండుకుంటే ఇనవడె. వచ్చి ముందట కూసుండె, గంధం పూసుకొని. పార్టీ మీటింగ్ దొర ముందటనే జరుగుతుండె! "దున్నినోనిదే పంట రామా" అని మా అన్న రాగం తీస్తే దొర తల ఊపుడు. జెండకు రెండు చేతులెత్తి దండం పెట్టుడు. కొబ్బరికాయలు గూడ ఆయనయే.

కర్నూలు దిక్కు నుంచి ఏరు దాటి ఒక పంతులు వస్తుండె, అద్దాలాయన. పార్టీకి పాఠం చెప్పేతందుకు. దేవుడు లేడు అనేది మొదటి పాఠం. "అట్నే పంతులూ, జర భజన ఒడవనియ్యి, చెప్దువు" అంటుండ్రి మావోళ్లు. భజన ఒడిస్తే ప్రసాదం, ప్రసాదం తింటే నిద్ర. పాపం, ఆ పాఠం ఎన్నడు మొదలే కాలె. గుగ్గిళ్లు తిని తిని పంతులు లావయ్యిండు గంతే.

గా మూడో ఏడు మిరుగం కార్తె వచ్చింది, మబ్బు తునక లేదు. ఎడ్లు గడ్డి లేక నిలవడలేకపోతుండె. దొర వానకోసరం అఖండ భజన పెట్టించిండు, తానే చేతికి కంకణం కట్టుకున్నడు. కంకణం సంగతి నీకు తెల్వదేమో. మనూరి కట్టు అది. కట్టుకున్నోడు మంగళారతి పాడేదాంక అరుగు దిగొద్దు, నామం తప్ప ఇంకో మాట నోట్లకెళ్లి రావొద్దు. తప్పితే ఊరికే అరిష్టం. మరి మంగళారతి ఎవరు పాడాలె? భజన గురువు పాడాలె. గురువు ఎవరు? మా బుచ్చన్న!

భజన నడుస్తుండంగ ఒకనాడు పొద్దెక్కినంక మబ్బు పట్టింది. దబదబ దబదబ కొట్టింది సూడు వాన! ఊరంతా మొగులు దిక్కు మొకం పెట్టి నిలవడ్డం. పగటాల్లకు తెరిపిచ్చింది. దొర నవ్వుకుంట మా అన్న దిక్కు చూసిండు, ఇగ మంగళం పాడు అన్నట్టు. మా అన్న కండ్లు మూసుకున్నడు. ఇంకో కీర్తన ఎత్తుకున్నడు.

ఎవరు ఎవరికి చెప్పిండ్రో తెల్వదు బిడ్డా. ఒక్కొక్కడు చిడతలు పక్కనోని చేతిల పెట్టి లేచిండు. జరసేపటికి మా నాయిన గొర్రు ఎత్తుకొని, ఎడ్లను తోలుకొని చావిడి ముంగటనుంచే పోతుండు. మా చెల్క దిక్కు! దొర చూసిండు. మొకం ఎర్రగయింది. లేవరాదు, తిట్టరాదు.

"రామా!" అని ఒర్లిండు.

మా నాయిన ఆగి, చేతులు జోడించి, "రామ రామ దొరా" అని ఎడ్లను అదిలించిండు.

ఎనుకనే ఇంకో గొర్రు. "రామా! రామా!" అని దొర అరుగు మీద చెయ్యి కొట్టవట్టిండు. షేక్‌సింది, అంటే గప్పటి కావలోడు, పక్కనే నిలవడ్డడు. వాడు జనం దిక్కు తిరిగి, "చూడుండ్రి, దొరకు భక్తి ఎట్ల పొంగుతుందో" అన్నడు. వానికి నిజంగనే తెల్వదో, వాని చెల్క గూడ ఎండుతుండెనో, నాకైతే ఇప్పటికి తెల్వదు.

అట్ల ఆ పొద్దు గుంకింది. తెల్లారి ఎండ చురుక్కుమంటుంది, మా చెల్క ఇంకా సగం మిగిలింది. మా అన్న గొంతు పోయింది. గాలే వస్తుంది, మాట వస్తలేదు. నామం తెగితే దొరకు కంకణం ఇప్పనీకె వంక దొరికినట్టే. మిగిలినోళ్లంతా చెల్కలల్ల ఉండ్రి. ఆడోళ్లం పాడుదమంటే మమ్ముల అరుగు ఎక్కనియ్యరు. దొర ముందుకు వంగి చూస్తుండు, ఎప్పుడు తెగుతదా అని. అయిపాయె, ఇగ నేను గడీకే అనుకున్న.

గప్పుడు లేచిండు బిడ్డా, పంతులు.

దేవుడు లేడన్న పంతులు. అద్దాలు తుడుసుకున్నడు, తాళాలు తీసుకున్నడు, కండ్లు మూసిండు. ఆ గొంతు... అబ్బో, ఏం చెప్పాలె! కుక్కలు లేచిపోయినయి. ఒక్క నామమే తెల్సు ఆయనకు, అదే ఒర్రుడు, మల్ల అదే ఒర్రుడు. చెమటలు కారుతున్నయి, పంచె జారుతుంది, ఎగేసుకొని ఒర్రుతుండు. నేను నవ్విన, ఏడ్చిన, రెండు ఒక్కపారే. దేవుడు ఉన్నడో లేడో గని, ఉంటే గా పొద్దు తప్పకుండ ఇనుంటడు.

బువ్వయాల్లకు మా నాయిన మోకాళ్ల దాంక మన్నుతోని వచ్చి చావిడి ముంగట నిలవడ్డడు. తల ఊపిండు. మా అన్న బొంగురు గొంతుతోనే మంగళారతి పాడిండు.

దొర లేచిండు. ఇగ తోలు తీస్తడు అనుకున్నం. గింతట్ల మా అమ్మ ఉరికిపోయి దొర కాళ్ల మీద పడె. "నీ కంకణం మహిమ దొరా, నువ్వు కదలకుండ కూసున్నందుకే పదును నిలిచింది!" ఊరంతా కాళ్ల మీద పడె. ఇగ ఏమంటడు? కూసున్నది భక్తితోని కాదు, లేవరాక కూసున్ననని చెప్పుకుంటడా? మీసం దువ్వుకున్నడు. "ఏటేటా కూసుంట" అన్నడు!

కూసున్నడు గూడ. వాన పడుడు, దొర కంకణం కట్టుకొని కూసునుడు, ఊరు ముందుగాల తన చెల్క ఏసుకొనుడు. ఊరి ఆచారమైపాయె. ఎన్కకు నిజాం రాజ్యం పోయినంక నిజం పార్టీవోళ్లు జీబేసుకొని వచ్చి, ఈడ ఎర్రజెండ సంగం ఉండెనంట, దాని పెద్ద ఎవరని అడిగిండ్రు. ఊరోళ్లు గడీ చూపెట్టిండ్రు. దొర జెండ గూడ తెచ్చి చూపించిండంట! ఆ జీబోళ్లు మల్ల రాలె. చీర మాత్రం దొరింట్లనే ఉండిపాయె, గదొక్కటి నాకు ఇప్పటికీ కడుపుమంట.

పంతులా? ఏరు దాటి పోయిండు. మల్ల చూడలె. పోయేటప్పుడు మా అమ్మ గుగ్గిళ్లు మూట కట్టిచ్చింది. "పాఠం మిగిలిపోయిందమ్మా" అన్నడంట.

గా ఏడు మా చెల్కల జొన్న మనిషెత్తు లేచింది. నేను గడీకి పోలె బిడ్డా. పోయుంటే నీ తల్లి ఏడిది, నువ్వేడిది, ఈ అడుగుడేడిది.

పో, ఇగ పొద్దుపోయింది, మీ అమ్మ ఎదురుచూస్తది. సల్లగ బతుకు. నీ మొదటి పదును నీకే దక్కాలె బిడ్డా. ఎవడన్న అడ్డమొస్తే... మంచిగ కూసోబెట్టు, కాళ్లు మొక్కు, మంగళారతి మాత్రం జల్ది పాడకు...